ఇద్దరు పెద్దోళ్లు, ఒక పల్లెవెలుగు

కృపారాణికి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ పెద్దోళ్లే. చిన్నోడనేవాడు లేడు.

కవలలన్నాక ఒకడు ముందు, ఒకడు వెనక పుట్టి తీరాలి కదా అనే తర్కం ఎక్కడైనా చెల్లుతుందేమో గానీ, మార్కాపురంలో ఉన్న ఆమె అత్త సామ్రాజ్యానికీ, గిద్దలూరులో ఉన్న తల్లి కరుణమ్మకూ మధ్య చెల్లలేదు. ముందు పుట్టినవాడికి జోయెల్ అనీ, వాడి వెనకే వచ్చినవాడికి జోనా అనీ పాస్టరుగారు ప్రార్థన చేసి పేర్లు పెట్టిపోయారు. ఆ పేర్లతో వాళ్లను పిలిచినవాళ్లు ఆ తర్వాత లేరు.

"ముందొచ్చినోడు పెద్దోడు. ఇందులో వాదనేముంది?" అంది కరుణమ్మ. ఆమె చర్చిలో ఏళ్ల తరబడి సండే స్కూలు నడిపిన మనిషి. పిల్లల్ని వరసలో నిలబెట్టే విషయంలో తనకు తిరుగులేదనుకుంటుంది.

సామ్రాజ్యం నవ్వింది. "నీకు బస్సెక్కే అలవాటు లేనట్టుంది వదినా. ముందెక్కినోడు లోపలికి పోయి కూచుంటాడు. వెనకెక్కినోడు వాకిట్లో నిలబడతాడు. ఊరొచ్చినాక ముందు దిగేదెవురు? వాకిట్లో నిలబడినోడే. కడుపులో ముందు పడినోడు వెనక పుడతాడు. మా అవ్వ నాడే తేలిపోయిన సంగతి ఇది."

"అది బస్సు కాదు వదినా, నా కూతురి కడుపు."

"దానికి మాత్రం రెండు వాకిళ్లున్నాయా ఏంది?"

పిల్లల్ని చూడ్డానికి పళ్లు పట్టుకుని వచ్చిన బస్సు డ్రైవరు నాగులు అక్కడే కూర్చుని ఉన్నాడు. కృపారాణి కండక్టరుగా పోయే బండిని నడిపేది అతనే. ఊరుకోవచ్చు కదా. "ఆపరేషన్ చేసి తీసినారు కదా పెద్దమ్మా. అంటే ఎమర్జెన్సీ డోర్లో దించినట్టు. అందులో వరసుండదు" అన్నాడు. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఏకమైన సందర్భం ఆ ఇంట్లో అదొక్కటే. ఇద్దరూ కలిసి అతనికి టీ ఇవ్వలేదు.

సెలవు ఉన్నన్నాళ్లూ ఇదంతా వినోదంగానే గడిచింది. సెలవు అయిపోయి కృపారాణి మళ్లీ చీర మీద ఖాకీ చొక్కా తొడుక్కుని టికెట్ మిషను చేతపట్టేసరికి వ్యవహారం ముదిరింది. భర్త పాల్ రాజు బెంగుళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. ఒక స్లాబు పడ్డాక ఇంటికి వచ్చి, ఇంకో స్లాబు మొదలయ్యేలోపు పోయే మనిషి. కాబట్టి పిల్లల్ని చూడాల్సింది పెద్దవాళ్లు. అత్తకు మోకాళ్ల నొప్పులు, తల్లికి నడుము నొప్పి. ఒక్కొక్కరు ఒక్కొక్కణ్ణి మాత్రమే మోయగలరు. వియ్యపురాలి ఇంట్లో ఉండి మోయడానికి ఇద్దరూ సిద్ధంగా లేరు.

"సరే, పెద్దోణ్ణి నేను తీసుకపోతా" అంది కరుణమ్మ.

"పెద్దోడు మా ఇంటి వంశం. వాడు మా దగ్గరే ఉంటాడు" అంది సామ్రాజ్యం.

ఇక్కడ యుద్ధం జరగాలి. జరగలేదు. ఎందుకంటే కరుణమ్మ లెక్కలో పెద్దోడు జోయెల్, సామ్రాజ్యం లెక్కలో పెద్దోడు జోనా. ఎవరికి కావలసిన పెద్దోణ్ణి వాళ్లు చంకనెత్తుకున్నారు. అవతలివాళ్లకు చిన్నోణ్ణి అంటగట్టామన్న తృప్తి ఇద్దరి మొహాల్లోనూ ఒకేలా వెలిగింది. లోకంలో ఇంత సజావుగా జరిగిన పంపకం ఇంకొకటి ఉండదు. ఏడ్చింది ముగ్గురే: పంచుకోబడినవాళ్లిద్దరూ, వాళ్ల అమ్మా.

అప్పటినుంచి కృపారాణి బతుకు రూటు మ్యాపులా తయారైంది. బస్సు మార్కాపురంలో బయల్దేరి కంభం, బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు పోతుంది, తిరిగి అదే దారిన వస్తుంది. ఒక రాత్రి ఇక్కడ, ఒక రాత్రి అక్కడ. రెండు చివర్లలోనూ బస్టాండు బెంచీ మీద ఒక ముసలమ్మ, ఆమె ఒళ్లో ఒక ఆకలి. బస్సు ఆగుతుంది, జనం దిగుతారు, కృపారాణి మూలకు పోయి పైట కప్పుకుని పాలిస్తుంది. కంట్రోలర్ విజిలేస్తాడు. బిడ్డ నోరు విడిపించుకుని బస్సెక్కుతుంది. ఇంకో బిడ్డ అవతలి కొసన ఉంటాడు.

మార్కాపురం బస్టాండులో ఆమె పాలిచ్చే మూలలో గోడమీద ఒక బొమ్మ ఉంది. తామర పువ్వులాంటి తల్లి, ఒళ్లో బిడ్డ, కింద 'అమ్మపాలు అమృతం' అన్న అక్షరాలు. ఆ తల్లికి బిడ్డ ఒక్కడే. ఆమెకు ఉద్యోగం ఉన్న ఆనవాళ్లు బొమ్మలో ఎక్కడా లేవు. అత్త ఉన్న ఆనవాళ్లు కూడా లేవు. తల్లిపాల నిండా ప్రేమ ఉంటుందని చెప్పేవాళ్లను కృపారాణి ఏమీ అనదు. తన పాల నిండా మాత్రం టైము ఉందని ఆమెకు తెలుసు. కంభం దాటాక బస్సు లేటయితే పాలు కట్టుకుని రాయి అవుతాయి. టికెట్ అడిగే చేయి పైకి లేవదు. ఎవరి బిడ్డో వెనక సీట్లో ఏడిస్తే చాలు, పాలు చేపుకొచ్చి ఖాకీ చొక్కా ముందరంతా తడుస్తుంది.

ఆమెకు అసలు భయం ఆ తడి కాదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఒక మాట చెప్పింది: తాగే నోరు తగ్గితే పాలూ తగ్గుతాయి. నిజంగానే తగ్గుతున్నాయి. పైగా కరుణమ్మ గిద్దలూరులో డబ్బా పాల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. "ఆర్టీసీ వాళ్లు పంపినప్పుడు తాగాలంటే ఎట్ల మే? మా పెద్దోడు ప్రయాణికుడా?" అంటోంది. డబ్బా మరిగినవాడు రొమ్ము మరుస్తాడని కృపారాణికి తెలుసు. ఒకడు పోతే ఆ వెనకే రెండోవాడూ పోతాడు. పొద్దస్తమానం జనానికి సీట్లు సర్దే మనిషికి తన ఒళ్లో తన పిల్లలిద్దరూ ఒకేసారి పట్టే చోటు దొరకడం లేదు. ఆమె అడిగేది ఆ చోటొక్కటే. అడిగినప్పుడల్లా ఇద్దరు పెద్దవాళ్లూ ఒకే జవాబు చెప్పారు: "దానికేం, వాళ్ల చిన్నోణ్ణి కూడా తెచ్చి ఇక్కడ పెట్టమను. పెద్దోడు మాత్రం కదలడు."

ఇంతలో సామ్రాజ్యానికి ఒక అనుమానం పుట్టింది. గిద్దలూరు పిల్లోడు లావైనాడని ఎవరో చెప్పారు.

"అక్కడ ఏ పక్క ఇస్తున్నావ్?" అని అడిగింది కోడల్ని.

"ఏ పక్క నిండితే ఆ పక్కత్తా."

"ఓర్నాయనో! కుడిపక్కది అన్నం, ఎడంపక్కది నీళ్లు. ఇంత వయసొచ్చింది, అది కూడా తెలీదా నీకు? అక్కడ అన్నం పెట్టి వచ్చి ఇక్కడ నా మనవడికి నీళ్లు తాపుతున్నావన్నమాట!"

కృపారాణి చేసిన తప్పల్లా ఈ సంగతి నవ్వుతూ నాగులుకు చెప్పడం. బస్సులో చెప్పిన మాట బస్సుతోపాటే తిరుగుతుంది. ఆడవాళ్లకు టికెట్ లేని రోజులు కాబట్టి బండి నిండా వాళ్లే. అందరికీ అభిప్రాయాలున్నాయి. తర్లుపాడు ఆమె ఒకతె కుడిపక్కే అన్నమంది. అర్ధవీడు ఆమె కాదు, పొద్దున కుడి, మాపటేల ఎడమ అంది. కృపారాణి బండి కదిలించడానికి "రైట్... రైట్" అని అరవగానే వెనకనుంచి ఎవరో, "లెఫ్టోడు ఏం పాపం చేసినాడు కండక్టరమ్మా?" అనేవారు. బస్సంతా నవ్వేది. చివరికి ఆమె అరవడం మానేసి బస్సు రేకు మీద కొట్టడం మొదలుపెట్టింది.

అలాంటి రోజుల్లోనే ఒక ఉదయం సామ్రాజ్యం జోనాను ఎత్తుకుని మార్కాపురంలో కోడలి బస్సే ఎక్కింది. గిద్దలూరు పోయి రెండోవాణ్ణి కళ్లారా చూసి, చేతులారా ఎత్తి, బరువు తేల్చుకుని రావాలని ఆమె పట్టుదల. బయల్దేరేముందు జోనా చెవి వెనక కాటుకతో చిన్న చుక్క పెట్టింది. దిష్టి చుక్క పెట్టడం చర్చికి పోయేవాళ్లు చేసే పని కాదని కరుణమ్మ ఎత్తిపొడుస్తుంది. అందుకే కనబడని చోట పెట్టింది.

"టికెట్టియ్యి" అంది కోడలితో.

"నీకు ఉత్తదే కదత్తా."

"ఉత్తదైనా టికెట్టు టికెట్టే. పీకియ్యి. నేను నీ చుట్టమని ఎక్కినానా?"

కృపారాణి జీరో టికెట్టు కొట్టి ఇచ్చింది. పక్క సీట్లో కంభం బస్టాండు ఎదురుగా బట్టల దుకాణం నడిపే రామతులసమ్మ కూర్చుని ఉంది. ఆమె పిల్లవాడి బుగ్గ గిల్లి, "అత్తా కోడలూ ఒకే బండిలో ఉన్నా టికెట్టు తప్పలేదే" అని ముక్కుమీద వేలేసుకుంది.

సామ్రాజ్యానికి తెలియనిది ఒకటుంది. సరిగ్గా ఆ పూటే కరుణమ్మ జోయెల్‌ను ఎత్తుకుని గిద్దలూరులో బస్సెక్కింది. ఆమెకు చేరిన వార్త ఏమంటే, మార్కాపురం పిల్లోడు లావైనాడని. అక్కడికి పోయి ఆ అన్నం సంగతేందో తేల్చుకోవాలని ఆమె పంతం. పూర్వమైతే ఛార్జీలకు జంకి ఇద్దరూ ఇంట్లోనే కూర్చుని తిట్టుకునేవాళ్లు. ఇప్పుడు పౌరుషానికి ఖర్చు లేదు.

రెండు బస్సులూ కంభం బస్టాండులో ఎదురుపడ్డాయి.

జోనా అప్పటికే ఆకలికి గుక్కపట్టాడు. ఆ ఏడుపు విని అవతలి బస్సులో జోయెల్ అందుకున్నాడు. కృపారాణి తల తిప్పి చూసేసరికి కరుణమ్మ పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్టాండుకు అడ్డం పడి ఈ బస్సువైపు పరుగులాంటి నడకతో వస్తోంది. రెండు ఏడుపులూ ఒకేసారి చెవిన పడి చాలా రోజులైంది. ఖాకీ చొక్కా క్షణంలో తడిసింది.

"ముందు పెద్దోడికియ్యి" అంది బస్సెక్కుతూనే కరుణమ్మ, ఆయాసపడుతూ.

"అవును, ముందు పెద్దోడికియ్యి" అంది సామ్రాజ్యం.

ఇంత పూర్తి ఏకాభిప్రాయం కృపారాణికి ఏ దారీ చూపలేదు. ఆమె నాగులువైపు తిరిగింది. "అన్నా, రవ్వంతసేపు ఆపు."

"టైరు చూడాల్నని చెప్తాలే చెల్లెమ్మా" అని నాగులు దిగిపోయాడు. కిందికి పోయి నిజంగానే టైరు చూస్తూ నిలబడ్డాడు.

రామతులసమ్మ లేచి నిలబడింది. ఆమె దిగాల్సిన ఊరు ఇదే, కానీ దిగే ఉద్దేశం ఆమెకు కనబడలేదు. "మగోళ్లంతా దిగండి. టీ తాగిరాపోండి" అంది.

"నాకు చక్కెర జబ్బు తల్లీ" అన్నాడు ఒక ముసలాయన.

"చక్కెర లేకుండా తాగు నాయనా. దిగు!"

మగవాళ్లు దిగారు. రెండు చీర కొంగులు తెరలయ్యాయి. కృపారాణి వెనక పొడవాటి సీట్లో నడిమధ్యన కూర్చుంది. మోకాళ్ల మీద రెండు చంకసంచులు పెట్టించుకుని, కుడి చంక కింద ఒకణ్ణి, ఎడమ చంక కింద ఒకణ్ణి ఇరికించుకుంది. రెండు తలలూ ముందుకు, కాళ్లు రెండు జతలూ వెనక్కి. ఏడుపులు రెండూ ఒకేసారి ఠక్కున ఆగిపోయాయి. బస్సులో ఎంత నిశ్శబ్దం పరుచుకుందంటే కింద నాగులు టైరును కాలితో తంతున్న చప్పుడు వినబడింది.

కృపారాణి కళ్లు మూసుకుంది. రెండు పక్కలా ఒకేసారి బరువు దిగుతోంది. భుజాలు కిందికి జారాయి. చాలా రోజులుగా ఆమె భుజాలు పైకెత్తుకునే తిరుగుతోందని ఆమెకే అప్పుడు తెలిసింది.

ఆ నిశ్శబ్దం ఎంతోసేపు నిలవలేదు.

"మా వాణ్ణి నీళ్ల పక్క పెట్టినావే!" అంది సామ్రాజ్యం.

"పెట్టనీ. ఇన్నాళ్లూ అన్నం తిన్నాడుగా!" అంది కరుణమ్మ.

"ఎవుడు తిన్నాడు? చూడు, మెడ చూడు, పుల్ల లెక్క ఉంది!"

"సగంలో పక్కలు మారిస్తే సరిపోతుందిగా" అంది తర్లుపాడు ఆమె. "కబడ్డీలో మార్చరా?"

ఇది బస్సుకంతా నచ్చింది. వద్దని కృపారాణి అనేలోపే నాలుగు చేతులు వచ్చి పిల్లల్ని లాగేశాయి. నోట్లోది ఊడిపోయినవాళ్లు కెవ్వుమన్నారు. వెంటనే ఇటువాణ్ణి అటు, అటువాణ్ణి ఇటు పెడితే బాగుండేది. కానీ ఏడుస్తున్న కవలలు చేతికి అందాక ముద్దాడకుండా ఉండగలిగేదెవరు? త్రేన్పు రానీమని ఒకామె భుజాన వేసుకుని జోకొట్టింది, ఇంకొకామె అందుకుంది, ఇద్దరూ ఒళ్లోంచి ఒళ్లోకి డ్రైవరు సీటుదాకా పోయి తిరిగి వచ్చారు. దారిలో ఒకడు తడిపాడు. వాడి చొక్కా విప్పారు. రెండోవాడికి గాలాడ్డం లేదని వాడిదీ విప్పారు.

తిరిగి వచ్చిన ఇద్దరు మొలనూలు కూడా లేని పిల్లలు మార్కాపురం గనిలో ఒకే రాయిని చీల్చి తీసిన రెండు పలకల్లా ఉన్నారు.

"మావాడు వీడు" అని సామ్రాజ్యం ఒకణ్ణి ఎత్తుకుంది.

"అదేంది వదినా, వాడు మావాడు" అని కరుణమ్మ అదే పిల్లవాడి కాలు పట్టుకుంది.

రెండోవాణ్ణి ఎవరూ అడగలేదు. వాడు రామతులసమ్మ ఒళ్లో గుప్పిట చప్పరిస్తూ కూర్చున్నాడు. ఇద్దరు పెద్దవాళ్లూ ఇటు చూశారు, అటు చూశారు. వాడూ వీడిలాగే ఉన్నాడని అర్థమయ్యాక సామ్రాజ్యానికి తను పెట్టిన చుక్క గుర్తొచ్చింది. ఎవరూ చూడకుండా వేలితో చేతిలోని పిల్లవాడి చెవి మడిచింది. చుక్క ఉంది! మొహం విప్పారింది. ఎందుకైనా మంచిదని రెండోవాడి చెవి కూడా మడిచింది. చుక్క ఉంది.

"ఇదెవరు పెట్టినారు?" అని అరిచింది.

"నేనే పెట్టినానమ్మా" అంది రామతులసమ్మ. తన కంటి కొస నుంచి కాటుక తీసిన వేలు చూపించింది. "ఇంత మందిలో ఇంత ముద్దుగా ఉంటే దిష్టి తగలదా? ఒకడికి ఎవరో అప్పటికే పెట్టినట్టుంది, చెరిగిపోయిందని దిద్దినా. రెండోవాడికి కొత్తగా పెట్టినా. మీ మతంలో కాదంటారని కనబడకుండానే పెట్టినాలే."

ఒకడికి ఎవరు పెట్టారో కరుణమ్మకు అర్థమైంది. మామూలుగా అయితే ఆ సంగతి సంవత్సరంపాటు సరిపోయేది. ఇప్పుడు ఎత్తిపొడిచే తీరిక లేదు. ఆమె కూతురివైపు తిరిగింది. "నువ్వు చెప్పు మే. ఎవుడు పెద్దోడు?"

బస్సంతా వెనక సీటువైపు తిరిగింది. తల్లికి తెలియకుండా ఎలా ఉంటుంది? లోకంలో ఎవరికి తెలియకపోయినా తల్లికి తెలుస్తుంది. ఇది ఆ బస్సులో ప్రతి ఒక్కరూ నమ్మిన మాట. కృపారాణి చేతులు చాపింది. ఇద్దర్నీ ఆమెకిచ్చారు. ఆమె మళ్లీ చెరో చంక కింద ఇరికించుకుంది. పట్టుకోగానే తెలిసిపోయింది. కుడివైపువాడు చప్పుడు చేస్తూ గుటకలేస్తాడు, అమ్మ గుండీ పట్టుకుని లాగుతాడు, వాడు జోయెల్. ఎడంవైపువాడు మెల్లిగా, కళ్లు తెరిచి, ఆలోచిస్తున్నట్టు తాగుతాడు. చీకట్లో ఇచ్చినా చెప్పగలదు.

"నాకు తెలీదమ్మా" అంది కళ్లు మూసుకుని.

"ఏందీ!"

"తెలీదత్తా. డ్యూటీలో ఉన్నా. నేనేం చూసినాను?"

బస్సులో అందరూ నోళ్లు నొక్కుకున్నారు. "కన్నతల్లి కూడా చెప్పలేకపోతే ఇంకెవరు చెప్తారమ్మా" అని తర్లుపాడు ఆమె తల పట్టుకుంది. అర్ధవీడు ఆమె, ఉద్యోగాలు చేసే ఆడవాళ్లింతేనని పక్కామె చెవిలో చెప్పింది. కృపారాణి ఆ మాట విని కూడా కళ్లు తెరవలేదు.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఒకణ్ణి తీసుకుపోవాలంటే పెద్దోడు ఎవరో తెలియాలి. తెలియకుండా తీసుకుపోయి, పొరపాటున చిన్నోణ్ణి పెంచితే? సామ్రాజ్యం రెండు చేతులూ చాపింది. "ఇద్దర్నీ నాకిచ్చెయ్. అందులో పెద్దోడు ఎట్లైనా ఉంటాడు" అంది.

"నాకియ్యండి. నా దగ్గరా ఉంటాడుగా" అంది కరుణమ్మ.

"నీ ఇంటికి పంపిస్తానా?"

"నేను మాత్రం పంపిస్తానా?"

"పిల్లల్ని మా ఇంట్లో పెట్టి నువ్వు కూడా వచ్చి ఉండు."

"మీ ఇంట్లో నేనుండేదేంది వదినా!"

రామతులసమ్మ గొంతు సవరించుకుంది. ఆమె వ్యాపారస్తురాలు, రెండు మొండి బేరాల మధ్య ఎక్కడ తెగుతుందో ఎరిగిన మనిషి. "మా దుకాణం మీద గది ఖాళీగా ఉందమ్మా. బస్టాండు ఎదురుగానే. మార్కాపురం కాదు, గిద్దలూరు కాదు. ఇద్దరూ ఉండండి, ఇద్దర్నీ పెట్టుకోండి. ఈ పిల్ల బండి పోతా ఒకసారి, వస్తా ఒకసారి ఇక్కడ ఆగేదేగా."

ఇద్దరు పెద్దవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. అవతలిదాన్ని పిల్లలిద్దరితో ఒంటరిగా వదిలిపెట్టడం కంటే, దాని మొహం రోజూ చూడటమే నయమని ఇద్దరికీ ఒకేసారి తోచింది.

ఆ వారంలోనే గదిలో చేరారు. గోడకు అటు ఒక మంచం, ఇటు ఒక మంచం, నడుమ ఉయ్యాల. పాల్ రాజు సంగతి ఫోన్లోనే విన్నాడు. "ఇద్దరూ ఒకే గదిలోనా? నేను ఇంకో స్లాబు అయినాకే వస్తాలే" అన్నాడు. కృపారాణి డ్యూటీ దిగాక చివరి బస్సు పట్టుకుని కంభం వచ్చి పడుకుంటోంది. పగలు బస్సు ఆగిన ప్రతిసారీ మెట్లెక్కి పోతుంది, ఆమె కూర్చునేలోపే రెండు పక్కలనుంచి ఇద్దరు పిల్లలు అందుతారు. పాలు మళ్లీ పడ్డాయి. కుడిపక్క అన్నం ఎవడికన్నది మాత్రం రోజుకోసారి రగులుతుంది. ఎవడు ఎవడో తెలియదు గనక ఎటూ తెగదు.

మొన్న మధ్యాహ్నం అలాగే ఇద్దర్నీ పట్టుకుని కూర్చుని ఉండగా కృపారాణి ఉలిక్కిపడి, "అబ్బా! ఒరే జో..." అని టక్కున పెదవి కొరుక్కుంది.

"ఏమైంది?" అని రెండు మంచాలూ ఒకేసారి లేచాయి.

"పళ్లొచ్చినయ్. కొరికినాడు."

"ఎవుడు? ఎవుడు కొరికినాడు? జో అన్నావే, ఏ జో?"

కింద నాగులు హారన్ కొట్టాడు. కృపారాణి ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచింది. ఇద్దర్నీ చెరొకరి ఒళ్లో పడేసింది, ఎవణ్ణి ఎవరికిచ్చిందో చూసుకోకుండానే.

"జోజో అన్నానత్తా. ఇద్దర్నీ" అంటూ మెట్లు దిగిపోయింది.